చిత్తరువు నుంచి గౌనుకు: ఎలిజబెత్ కాలపు వస్త్ర పునర్నిర్మాణం – పాఠ పరిష్కరణ దృష్టితో ఒక పరిశీలన

వ్యాస సంగ్రహం: ఇంగ్లండు రాణి మొదటి ఎలిజబెత్ కాలపు గౌనును నాటి చిత్తరువుల ఆధారంగా మళ్లీ కుట్టే ప్రయత్నాలు మ్యూజియంలలో, రంగస్థలంపై, సినిమాల్లో సాగుతున్నాయి. వీటిని సాధారణంగా చిత్రంతో పోలికను బట్టి విలువ కడుతున్నారు. చిత్తరువు ఒక ప్రతి మాత్రమే. దానికి పాఠభేదాలు, గ్రంథపాతాలు, కాలదోషాలు ఉన్నాయి. అందువల్ల పునర్నిర్మాణాన్ని అనుకరణగా కాక పరిష్కరణగా చూడాలనీ, పూరించిన భాగాన్ని పూరణగా చూపించడమే దాని ప్రామాణికతకు గీటురాయి అనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: చిత్తరువు, గౌను, పునర్నిర్మాణం, పాఠభేదం, గ్రంథపాతం, పూరణ.

1. ప్రవేశిక

మొదటి ఎలిజబెత్ 1558 నుంచి 1603 వరకు ఇంగ్లండును పాలించింది. ఆమె చిత్తరువులు చాలానే మిగిలాయి. ఆమె తొడిగినదని నిశ్చయంగా చెప్పగల నిండు గౌను ఒక్కటి కూడా మిగలలేదు. బొమ్మ నిలిచి బట్ట పోయిన ఈ స్థితిలో ఆ కాలపు గౌనును మళ్లీ కుట్టాలనుకునేవారు మొదట చిత్తరువు ముందే నిలబడతారు. ముత్యాల వరసలు లెక్కపెడతారు, చేతుల ఉబ్బు కొలుస్తారు, ఎంబ్రాయిడరీలోని పువ్వులను గుర్తుపడతారు. పని పూర్తయ్యాక చూడవచ్చినవారు అడిగే ప్రశ్న ఒకటే: అచ్చం బొమ్మలో ఉన్నట్టే ఉందా?

ఈ ప్రశ్న సహజమైనదే కాని విమర్శకు చాలదు. తాళపత్ర ప్రతులతో పనిచేసిన తెలుగు పరిశోధకులకు ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు. ఒక ముద్రిత కావ్యం దొరికిన ఒకే ప్రతికి అక్షరాలా నకలుగా ఉన్నంత మాత్రాన దానిని మంచి పరిష్కరణ అనము. ఆ ప్రతి ఎప్పటిది, ఎవరి చేతిది, ఎక్కడ చెదలు తిన్నది, ఎక్కడ లేఖకుడు తనకు తోచినది రాశాడు అని అడుగుతాము. చిత్తరువును ఇదే విధంగా ప్రశ్నించినప్పుడు గౌను పునర్నిర్మాణం కేవలం కుట్టుపనిగా మిగలదు; చదవడానికి సంబంధించిన సమస్య అవుతుంది. ఆ చదువులో ఎదురయ్యే చిక్కులను, వాటిని మూడు రకాల పునర్నిర్మాతలు ఎలా ఎదుర్కొన్నారన్నదానిని ఇక్కడ పరిశీలిద్దాం.

2. 'గౌను' అనే మాట

ముందుగా మాట సంగతి తేల్చుకోవాలి. తెలుగులో గౌను అంటే చిన్నపిల్లలు తొడుక్కునే ఒంటి ఉడుపు గుర్తొస్తుంది. న్యాయవాది నల్లగౌను, స్నాతకోత్సవపు గౌను ఆ తరువాత గుర్తొస్తాయి. ఎలిజబెత్ కాలపు అర్థానికి దగ్గరగా ఉన్నవి ఈ చివరి రెండే. నాటి వాడుకలో గౌను అంటే అన్నిటికంటే పైన వేసుకునే వస్త్రం. దాని కింద ఒక సంభారమే ఉండేది: ఒంటిని అంటి నార కమీజు, నడుమును బిగించే బాడీలు, పావడాకు ఆకారమిచ్చే ఫార్థింగేల్ అనే వలయాల లోపావడా, కర్టిల్ అనే నడిమి ఉడుపు, ముందువైపు గౌను తెరచుకున్నచోట కనిపించే ఫోర్‌పార్ట్ అనే అలంకృత తెర, విడిగా కుట్టి బొందులతోనో గుండుసూదులతోనో తగిలించే చేతులు, గంజిపెట్టి మడతలు తీర్చిన రఫ్ అనే మెడపట్టీ.

కాబట్టి చిత్తరువులో మన కంటికి ఒక్క గౌనుగా కనిపించేది నిజానికి అనేక వస్త్రాల కూర్పు. 1600లో రాణి వస్త్రాగారపు జాబితా తయారైంది. అందులో ఫ్రెంచి గౌనులు 102, రౌండు గౌనులు 67, వదులు గౌనులు 100, కర్టిళ్లు 126, ఫోర్‌పార్టులు 136 ఉన్నాయి. ఏ ఒక్క రకం గౌనుల కంటే కూడా ఫోర్‌పార్టుల సంఖ్య ఎక్కువ. ఒక గౌనుకు ఒకే ఫోర్‌పార్టు అని నియమం లేదని, భాగాలను మార్చిమార్చి కూర్చుకునేవారని ఈ లెక్క సూచిస్తుంది. చిత్తరువులోని కూర్పు ఆ ఒక్క సందర్భానికి చెందినది కావచ్చు. చిత్రం కోసమే అమర్చినది కూడా కావచ్చు. దానినే ఒక స్థిరమైన గౌనుగా భావించి కుట్టడం మొదలుపెట్టడంతోనే తొలి పొరపాటు జరుగుతుంది.

3. చిత్తరువు ఒక ప్రతి

చిత్తరువును ప్రతిగా భావించి పరిశీలిస్తే నాలుగు రకాల సమస్యలు కనిపిస్తాయి.

మొదటిది పాఠభేదం. స్పెయిన్ నౌకాదళంపై 1588లో లభించిన విజయాన్ని స్మరించే ఆర్మడా చిత్తరువుకు మూడు ప్రధాన ప్రతులున్నాయి. ఒకటి వోబర్న్ ఆబీలోను, మరొకటి గ్రీనిచ్‌లోని క్వీన్స్ హౌస్‌లోను, మూడవది లండన్ నేషనల్ పోర్ట్రెయిట్ గ్యాలరీలోను ఉన్నాయి. వీటన్నిటినీ ఒకప్పుడు జార్జ్ గోవర్ అనే ఆస్థాన చిత్రకారునికి ఆరోపించేవారు. ఇవి ఒకే చేతి పని కాదన్న అభిప్రాయం ఇప్పుడు బలపడింది. మూడవ ప్రతిని రెండు పక్కలా కత్తిరించారు. గ్రీనిచ్ ప్రతిలోని సముద్ర దృశ్యాలపై తరువాతి కాలంలో మళ్లీ చిత్రించారు. నల్లని పైగౌను, బంగారు సూర్యులు కుట్టిన తెల్లని చేతులు, ముత్యాలు గుచ్చిన రిబ్బను ముడులు ఈ చిత్రం ద్వారా లోకానికంతటికీ తెలిసినవి. అయితే ఏ ప్రతిని అనుసరించాలి? మూడింటిలో ఏ చిత్రకారుడైనా ఆ బట్టను కళ్లతో చూశాడా? లేక ముందు గీసిన నమూనా నుంచి నకలు చేశాడా? మాతృక గౌను కాక ఒక గీతల నమూనా అయితే, మన చేతికి వచ్చినది ప్రతికి ప్రతి అవుతుంది.

ఈ అనుమానం ఊరికే పుట్టినది కాదు. 1563లోనే రాణి బొమ్మలను నియంత్రించాలని ఒక ప్రకటన ముసాయిదా తయారైంది. ఆమోదించిన ఒక ముఖచిత్రం ఉండాలని, మిగిలినవారు దానిని అనుసరించాలని దాని ఉద్దేశం. సుమారు 1575 నాటి డార్న్లీ చిత్తరువులోని ముఖాన్ని తరువాతి చిత్రకారులు ఏళ్ల తరబడి నమూనాగా వాడుకున్నారు. ముఖమే నకలుగా తిరిగినప్పుడు వస్త్రం ప్రతిసారీ కళ్లారా చూసి గీసినదని నమ్మడానికి ఆధారం అడగవలసి ఉంటుంది.

రెండవది కాలదోషం. డార్న్లీ చిత్తరువులోని రాణి ముఖం నేడు పాలిపోయి కనిపిస్తుంది. దానిని చూసి ఆమె ముఖం ఎప్పుడూ సున్నం కొట్టినట్టు ఉండేదని చాలామంది రాశారు. బుగ్గలకు పూసిన ఎరుపు వర్ణకం వెలుతురుకు వెలిసిపోవడమే దీనికి కారణమని సాంకేతిక పరీక్షలు చూపించాయి. గౌనులో ఇప్పుడు గోధుమరంగులో కనిపించే అల్లిక కూడా ఒకప్పుడు ఎర్రనిదే. ఈ జాతి వర్ణకాలకు ఇంగ్లీషులో ఉన్న 'లేక్' అనే పేరు మన లక్క, సంస్కృతపు లాక్ష నుంచి వెళ్లినదే. నేటి చిత్రాన్ని చూసి గోధుమరంగు దారంతో నిష్ఠగా ఎంబ్రాయిడరీ చేసినవారు చిత్రానికి విధేయులై ఉంటారు. గౌనుకు మాత్రం దూరమవుతారు. మాసిన అక్షరాన్ని మాసినట్టే అచ్చువేసి అదే కవిపాఠమని చెప్పడం వంటిది ఇది.

మూడవది గ్రంథపాతం. సుమారు 1592లో మార్కస్ గెరార్ట్స్ చిత్రించిన డిచ్లీ చిత్తరువులో తెల్లగౌను తొడిగిన రాణి ఇంగ్లండు పటంపై నిలబడి ఉంటుంది. చిత్రంలో కుడివైపు ఒక సానెట్ ఉంది. కాన్వాసు అంచును ఎప్పుడో కత్తిరించడం వల్ల పాదాల చివర్లు పోయాయి. పద్యంలో పోయినచోటు అందరికీ తెలుస్తుంది. గౌనులో లేనిచోటు మాత్రం ఎవరికీ తట్టదు. ఆ గౌనుకు వీపు ఎలా ఉంది? ఎక్కడ తెరచి ఎక్కడ మూశారు? అతుకులు ఎక్కడున్నాయి? అస్తరు ఏ బట్టది? చిత్రం ఈ ప్రశ్నలకు జవాబు చెప్పదు. రాణి చిత్రాలన్నీ దాదాపుగా ముందువైపు నుంచి గీసినవే. అంటే గౌనులో సగభాగం పుట్టుకతోనే గ్రంథపాతం.

ఇందులో సమకాలీన చిత్రకళా సంప్రదాయానికి కూడా పాత్ర ఉంది. నికొలస్ హిల్యార్డ్ అనే సూక్ష్మ చిత్రకారుడు సుమారు 1600లో తన కళ గురించి రాసిన గ్రంథంలో రాణితో జరిగిన సంభాషణను జ్ఞాపకం చేసుకున్నాడు. నీడలు పడని చిత్రణే మేలన్న అభిప్రాయంతో ఆమె చెట్టునీడ లేని తోటబాటలో కూర్చుని చిత్రించుకున్నదని అతడు చెబుతాడు. నీడ లేకపోతే ముఖం నిర్మలంగా ఉండవచ్చు. బట్ట మడత లోతు మాత్రం తెలియదు. ఎంత బట్టను ఎంతలోకి కుదించి కుచ్చిళ్లు పోశారో దర్జీ తెలుసుకోవలసినది ఆ నీడలోనే.

నాలుగవది అలంకారం. హాట్‌ఫీల్డ్ హౌస్‌లో ఉన్న రెయిన్‌బో చిత్తరువు (సుమారు 1600–1602) దీనికి మంచి ఉదాహరణ. అందులో రాణి చేతిలో ఇంద్రధనుస్సు ఉంది, చేతితొడుగుపై పాము ఉంది, నారింజరంగు పైవస్త్రం నిండా కళ్లూ చెవులూ ఉన్నాయి. రాజ్యంలో జరిగేదంతా రాణి చూస్తుంది, వింటుంది అన్న భావాన్ని చిత్రకారుడు బట్టపై పరిచాడు. ఆ కళ్లూ చెవులూ కుట్టిన పైవస్త్రం నిజంగా ఉండేదా? పండితులు దానిని ఎక్కువగా భావచిత్రంగానే చూస్తున్నారు. అదే చిత్రంలోని బాడీపై ఉన్న పువ్వులు మాత్రం నాటి ఎంబ్రాయిడరీకి చాలా దగ్గరగా ఉన్నాయి. ఒకే చిత్రంలో వర్ణన ఒక జానెడు, ఉత్ప్రేక్ష ఒక జానెడు. రెంటినీ ఒకే కత్తెరతో కత్తిరించేవారు కావ్యంలోని నాయికా వర్ణనను చరిత్రగా చదివేవారితో సమానం.

4. చిత్రం వెలుపలి సాక్ష్యాలు

ఒక ప్రతిలోని చిక్కును ఇతర ప్రతులతో తీర్చుకోవడం పరిష్కర్త పద్ధతి. గౌను విషయంలో ఆ ఇతర ప్రతులు మూడు రకాలు.

ఒకటి రాతపత్రాలు. పైన చెప్పిన జాబితాతో పాటు వస్త్రాగారం నుంచి పనివాళ్లకు ఇచ్చిన ఆజ్ఞాపత్రాలు ఉన్నాయి. ఏ దర్జీకి ఏ గౌను కుట్టినందుకు, ఏ గౌను మార్చినందుకు చెల్లించారో వాటిలో తెలుస్తుంది. వాల్టర్ ఫిష్ 1582 వరకు, ఆ తరువాత విలియం జోన్స్ రాణి దర్జీలుగా పనిచేశారు. ఇక్కడ ఒక విశేషం గమనించాలి. ఆర్మడా చిత్తరువును గీసినది ఎవరన్నది నేటికీ చర్చే. ఆ రోజుల్లో రాణి గౌనులు కుట్టినది ఎవరన్నది మాత్రం కాగితంపై స్పష్టంగా ఉంది. అయినా మనం గౌనులను చిత్రకారుల పేర్లతోనే గుర్తుపెట్టుకుంటాము. కుట్టినవాడి పేరు తెలిసి ఉండీ పలకకపోవడం కళాచరిత్రలో పాతుకుపోయిన అలవాటు.

రెండవది కత్తిరింపు పుస్తకం. హువాన్ దె అల్సెగా అనే స్పానిష్ దర్జీ 1580లో మాడ్రిడ్‌లో ప్రచురించిన గ్రంథంలో, ఇచ్చిన వెడల్పు బట్టపై ఏ ముక్కను ఎక్కడ పరచి కత్తిరించాలో రేఖాచిత్రాలతో ఉంది. వాటిలో ఫార్థింగేల్ నమూనా కూడా ఉంది. ఇంగ్లండులో ఆ కాలపు దర్జీ రాసిన ఇటువంటి పుస్తకం లేదు. కాబట్టి ఇంగ్లీషు గౌనును కుట్టేవారు స్పానిష్ నమూనాను వాడుకునేటప్పుడు ఒక భాషలోని లక్షణగ్రంథంతో మరొక భాష కావ్యాన్ని చదువుతున్నామన్న ఎరుకతో ఉండాలి.

మూడవది మిగిలిన వస్త్రాలు. 1603లో రాణి అంత్యక్రియల ప్రతిమకు తొడిగిన బాడీలు వెస్ట్‌మినిస్టర్ ఆబీలో భద్రంగా ఉన్నాయి. ఇంగ్లీషులోని బాడిస్ అనే మాట ఈ 'బాడీలు' అనే బహువచనం నుంచే వచ్చింది. ఇటలీలో 1562లో మరణించిన ఎలియనోరా ద తొలేదో సమాధి వస్త్రాలు ఫ్లారెన్స్‌లో ఉన్నాయి. బ్రోంజినో ఆమెను చిత్రించిన ప్రసిద్ధ చిత్రంలోని గౌనులోనే ఆమెను ఖననం చేశారని చాలాకాలం నమ్మారు. వస్త్రాలను శుభ్రపరచి పరిశీలించిన తరువాత అది వేరే గౌనని తేలింది. బొమ్మ ఎంత బలంగా మనసులో నాటుకుంటుందంటే, బట్ట ఎదుట ఉన్నా దానిలో బొమ్మనే చూస్తాము.

ఎలిజబెత్‌కు సంబంధించి అన్నిటికంటే ఆసక్తికరమైనది బాక్టన్ బలిపీఠ వస్త్రం. హెర్‌ఫర్డ్‌షైర్‌లోని బాక్టన్ గ్రామ చర్చిలో తరతరాలుగా ఉన్న ఈ వెండి జరీ బట్ట నిండా పువ్వులూ చిన్న జీవులూ కుట్టి ఉన్నాయి. రాణికి జీవితాంతం సేవచేసిన బ్లాంచ్ పారీ ఆ ఊరి వనిత. వస్త్ర చరిత్రకారిణి ఎలెరి లిన్ ఈ బట్టలోని ముక్కలను చూసి, ఇది ఒకప్పుడు గౌను భాగమని, ఆస్థానానికి చెందినదని వాదించారు. 2019లో దీనిని హాంప్టన్ కోర్టులో రెయిన్‌బో చిత్తరువు పక్కన ప్రదర్శించారు. బట్టలోని పువ్వులకూ బొమ్మలోని పువ్వులకూ ఉన్న పోలిక చూపరులను ఆకట్టుకుంది. ఈ వాదన బలమైనదే. జరీ బట్టలను తొడిగే హక్కును నాటి వస్త్ర శాసనాలు కొద్దిమందికే పరిమితం చేశాయి. అయినా ఇది సందర్భ సాక్ష్యాలపై నిలిచిన వాదన. ఈ బట్ట రాణిదని నేరుగా చెప్పే పత్రం లేదు. బ్లాంచ్ పారీ 1590లో మరణించింది. చిత్రం 1600 ప్రాంతానిది. కాబట్టి 'బొమ్మలోని బట్ట దొరికింది' అనడం కంటే 'బొమ్మలోని పువ్వులు ఊహాజనితాలు కావని తెలిసింది' అనడమే న్యాయం. ఒక ప్రతి మరొక ప్రతిని సమర్థించింది. రెండూ ఒకటని తేలలేదు.

5. క్లిష్టపాఠం – అతుకుల సాక్ష్యం

మిగిలిన వస్త్రాలు నేర్పే పాఠాలలో ముఖ్యమైనది అతుకుల గురించినది. ఆ కాలపు పట్టు మగ్గాల వెడల్పు తక్కువ. సుమారు 20 నుంచి 22 అంగుళాలు. బట్ట ఖరీదు చాలా ఎక్కువ. కుట్టుకూలి దానితో పోలిస్తే తక్కువ. అందువల్ల దర్జీ ప్రతి ముక్కనూ వాడుకునేవాడు. పావడా అంచు కోణంలోనో చంక దగ్గరో చిన్న ముక్కలను అతికేవాడు. నేడు ఈ లెక్క తలకిందులైంది. బట్ట వెడల్పు పెరిగింది, చేతిపని ఖరీదైంది. నేటి పునర్నిర్మాత బట్టను ఉదారంగా పరిచి ఒకే ముక్కగా కత్తిరిస్తాడు. ఎక్కువ కుట్లను యంత్రానికి వదులుతాడు. ఫలితం చూడటానికి మరింత చక్కగా ఉంటుంది. బొమ్మలోనూ అతుకు కనిపించదు కనుక పోలికకు భంగం రాదు.

పాఠ పరిష్కరణలో ఒక సూత్రం ఉంది: రెండు పాఠాలలో సులభమైనది లేఖకుని సవరణ కావచ్చు, క్లిష్టమైనదే తరచు ప్రాచీనం. అతుకు అటువంటి క్లిష్టపాఠం. అతుకులేని గౌను సుగమంగా ఉంది, అందుకే అనుమానించదగినది. అతుకును అనుసరించడమంటే ఆ కాలపు ఆర్థిక వ్యవస్థను చదవడం, పట్టు ఎంత విలువైనదో ఒక మనిషి శ్రమకు ఎంత తక్కువ వెల కట్టారో తెలుసుకోవడం. గౌను పునర్నిర్మాణం చరిత్ర రచనకు అందించగల జ్ఞానం ముత్యాల లెక్కలో కంటే ఇక్కడే ఎక్కువ.

6. మూలం ఎక్కడ?

ఇంతవరకు మూలమనే గౌను ఒకటి ఉన్నదని, దానికి చేరుకోవడం కష్టమని అనుకుంటూ వచ్చాము. పత్రాలు మరో మాట చెబుతాయి. రాణి గౌనులను తరచు విప్పి మార్చేవారు. చేతులు మార్చేవారు, అంచులు మార్చేవారు, పాతబడినవాటిని పరిచారికలకు ఇచ్చేవారు. ఎలిజబెత్ 1559లో పట్టాభిషేకానికి తొడిగినది తన అక్క మేరీ పట్టాభిషేకపు బంగారు జరీ వస్త్రాన్నే; బాడీని కొత్తగా చేయించుకుంది. బాక్టన్ గౌను చివరికి చర్చి బల్లపై పరచుకునే గుడ్డ అయింది. గౌనుకు కవి చేతి వ్రాతప్రతి వంటి తుది రూపం లేదు. అది నోటినోటా మారుతూ వచ్చే గేయం వంటిది. ప్రతి సందర్భంలో కొత్తగా కూర్చుకునేది. చిత్తరువు అందులో ఒక్క గానాన్ని పట్టుకుంది.

ఈ దృష్టిలో 'అసలైన గౌను' అన్న మాట కొంత పలచబడుతుంది. అంతమాత్రాన ఏది కుట్టినా చెల్లుతుందని అర్థం కాదు. గేయానికి స్థిరపాఠం లేకపోయినా దానికి బాణీ ఉంటుంది, నియమాలు ఉంటాయి. ఏ బట్టపై ఏ కుట్టు నిలుస్తుంది, ఏ కుచ్చిళ్లను ఏ వలయం మోస్తుంది అన్న నియమాలు గౌనుకు వ్యాకరణం. పునర్నిర్మాత పట్టుకోవలసినది ఆ వ్యాకరణాన్ని.

7. మూడు పునర్నిర్మాణ పద్ధతులు

మొదటిది జానెట్ ఆర్నాల్డ్ (1932–1998) పద్ధతి. 1560–1620 నాటి వస్త్రాల కత్తిరింపుపై ఆమె 1985లో వెలువరించిన గ్రంథం, ఎలిజబెత్ వస్త్రాగారంపై 1988లో వెలువరించిన బృహద్గ్రంథం ఈ రంగానికి పునాదులు. మిగిలిన వస్త్రాలను కుట్టుకుట్టునా పరిశీలించి, కొలిచి, గళ్ల కాగితంపై నమూనాలుగా గీసింది. చిత్తరువును, జాబితాను, బట్టను పక్కపక్కన పెట్టి చదివింది. ఆమె నమూనాల్లో చిరుగులు, అతుకులు, తరువాతి మార్పులు కూడా నమోదయ్యాయి. అంటే ఆమె శుద్ధపాఠంతో పాటు పాఠాంతరాల పట్టికను కూడా ఇచ్చింది. ఆమె నిజమైన పరిష్కర్త. దీనికి ఒక పరిమితి మిగిలే ఉంటుంది: కాగితంపై ఉన్న నమూనా నడవదు, కూర్చోదు, ఊపిరి పీల్చదు.

రెండవది రంగస్థల పద్ధతి. లండన్‌లో 1997లో ప్రారంభమైన షేక్‌స్పియర్స్ గ్లోబ్ రంగశాలలో జెన్నీ తిరామణి ఆధ్వర్యంలో నాటి పదార్థాలతో, నాటి పద్ధతుల్లో, చేతికుట్టుతో దుస్తులు తయారుచేశారు. 2002లో మొదలైన 'ట్వెల్ఫ్త్ నైట్' ప్రదర్శనలో మార్క్ రైలాన్స్ ఒలీవియా పాత్ర ధరించాడు. ఆ నాటకం తరువాత న్యూయార్క్‌కు వెళ్లినప్పుడు నటులు ప్రేక్షకుల ఎదుటే దుస్తులు తొడుక్కునేవారు. దీని విలువ మ్యూజియం అద్దాలపెట్టెలో దొరకదు. గౌను ఒకరు ఒంటరిగా తొడుక్కోగలిగినది కాదని, ఇతరుల చేతులు కావాలని, ప్రతి బొందూ ఒక మనిషి పని అని చూపరులకు తెలుస్తుంది. లోపలి బాడీలు ప్రేక్షకులకు కనిపించవు కదా, వాటిని అంత నిష్ఠతో కుట్టడం ఎందుకని అడిగేవారున్నారు. కనిపించని ఆ పొరలే నడకను మారుస్తాయి. చిత్తరువులో బిగుసుకున్నట్టు తోచే నిలుపు చిత్రకారుడి అసమర్థత కాకపోవచ్చు. వలయాల మీద ఆనిన బట్ట బరువు కావచ్చు. ఈ ఊహను బొమ్మ నిరూపించలేదు, శరీరం పరీక్షించగలదు. అయితే ఆ శరీరం నేటిదన్న సంగతిని ఈ పద్ధతి ఎల్లప్పుడూ గుర్తుంచుకోవాలి.

మూడవది సినిమా. శేఖర్ కపూర్ దర్శకత్వం వహించిన 'ఎలిజబెత్' (1998)లో పట్టాభిషేక దృశ్యం నేషనల్ పోర్ట్రెయిట్ గ్యాలరీలోని పట్టాభిషేక చిత్తరువును దాదాపు యథాతథంగా అనుకరిస్తుంది. ఆ చిత్తరువు 1600 ప్రాంతపుది. పోయిన ఒక పాత చిత్రానికి నకలని భావిస్తున్నారు. ఆ పాత చిత్రం చూపినది మేరీ గౌనును మార్చి కుట్టిన గౌనును. అంటే తెరపై మనం చూసేది మారిన గౌను, దాని బొమ్మ, ఆ బొమ్మ నకలు, ఆ నకలుకు వస్త్రరూపం. ఈ గొలుసును సినిమా దాచిపెట్టి, ఆ క్షణాన్ని చరిత్ర కన్నుతెరిచి చూసినట్టుగా నిలుపుతుంది. ఆ సినిమాకు వస్త్రరూపకల్పన చేసిన అలెగ్జాండ్రా బర్న్ ప్రతిభను ఇందువల్ల తక్కువ చేయనక్కరలేదు. 2007లో వచ్చిన దాని ఉత్తరభాగానికి ఆమె ఆస్కార్ అందుకుంది. సినిమాకు కావలసినది కంటికి తగిలే అర్థం. ఆక్షేపణ ఒక్కటే: బొమ్మతో పోలికనే చరిత్రకు ప్రమాణంగా ప్రేక్షకుడికి అలవాటు చేయడం.

8. పూరణ నీతి

ఏ పద్ధతిలోనైనా ఖాళీలను పూరించక తప్పదు. వీపులేని గౌనును ఎవరూ తొడగలేరు. కాబట్టి ప్రశ్న పూరించాలా వద్దా అన్నది కాదు. పూరణను ఎలా గుర్తించాలి అన్నది. ఈ విషయంలో తెలుగు సాహిత్య సంప్రదాయం దగ్గర ఒక ఆదర్శం ఉంది. పోతన భాగవతంలో లుప్తమైన భాగాలను ఇతరులు పూరించారు: ఐదవ స్కంధం బొప్పరాజు గంగనది, ఆరవది ఏర్చూరి సింగనది, పదకొండు పన్నెండు స్కంధాలు వెలిగందల నారయవి. గ్రంథం మొత్తం పోతన భాగవతంగానే చదువుతాము. కాని ఎక్కడ ఎవరి చేయి పడిందో మనకు తెలుసు. అరణ్యపర్వ శేషాన్ని పూరించిన ఎఱ్ఱన నన్నయ ధోరణిని అనుసరిస్తూనే పర్వాంతంలో తన పేరు చెప్పుకున్నాడు. శైలిలో కలిసిపోవచ్చు, పేరును దాచకూడదు. ఇది మన పూరణ కవుల మర్యాద.

పునర్నిర్మించిన గౌనుకు ఇదే మర్యాద వర్తించాలి. దాని పక్కన నిలిపే పలకపై 'ఫలానా చిత్తరువు ఆధారంగా' అని మాత్రమే రాస్తే చాలదు. ముందుభాగం ఏ ప్రతిని అనుసరించింది, వెనుకభాగం ఏ సమకాలీన వస్త్రం నుంచి తీసుకున్నారు, రంగు వెలవకముందు ఉన్నదా వెలిసిన తరువాతిదా, ఏ కుట్లు యంత్రానివి, కుట్టిన చేతులు ఎవరివి అన్నది చెప్పాలి. విలియం జోన్స్ పేరు నాలుగు వందల ఏళ్లకు పైగా పత్రాల్లో నిలిచింది. నేటి కుట్టుపనివారి పేరు ఒక పలకపైన అయినా నిలవాలి కదా.

9. ముగింపు

చిత్తరువును నమ్మవద్దని ఈ వ్యాసం చెప్పడం లేదు. దానిని ఒక ప్రతిగా గౌరవించమంటున్నది. ప్రతిని గౌరవించడమంటే దాని పాఠభేదాలను, మాసిన అక్షరాలను, ఖాళీలను, అలంకారాలను వేరువేరుగా గుర్తించడం. ఆ గుర్తింపు తరువాత కుట్టిన గౌను బొమ్మకు నకలుగా కాక ఒక విమర్శాత్మక పాఠంగా నిలుస్తుంది. అప్పుడు 'అచ్చం అలాగే ఉందా' అన్న ప్రశ్నకు బదులు 'ఎక్కడెక్కడ ఏ ఆధారంతో ఇలా ఉంది' అన్న ప్రశ్న అడగగలుగుతాము.

ఈ పద్ధతి మన పరిశోధనకూ పనికివస్తుంది. ఎలిజబెత్ పుట్టిన దశకంలోనే, అచ్యుతదేవరాయల పాలనలో, లేపాక్షి ఆలయపు కప్పులపై చిత్రాలు రూపుదిద్దుకున్నాయి. వాటిలోని కుచ్చిళ్లు, ఎత్తయిన కుల్లాయిలు నాటి వేషానికి సాక్ష్యాలుగా తరచు ఉదాహృతమవుతాయి. విజయనగర ఆస్థానంలోని కుల్లాయి, కబాయిలపై ఫిలిప్ వాగనర్ 1996లో రాసిన వ్యాసం చిత్రాన్ని, శిల్పాన్ని, సాహిత్యాన్ని, విదేశీయుల కథనాలను కలిపి చదివితే ఎంత తెలుస్తుందో చూపించింది. ప్రబంధంలోని చీర వర్ణనను గాని, కుడ్యచిత్రంలోని చీర అంచును గాని విడిగా తీసుకుని 'ఆనాడు ఇలా కట్టేవారు' అని నిర్ణయించేముందు, ఇది ఎవరి ప్రతి, ఏమి దాచింది, ఎక్కడ వెలిసింది అని అడగవలసిన బాధ్యత మనకూ ఉంది. నేతగాడూ దర్జీ రాసిపెట్టని పాఠాన్ని బట్టలోని అతుకు కొంతవరకు చెబుతుంది. దానిని చదవడానికి సాహిత్య పరిష్కర్తకు ఉన్న ఓపికే కావాలి.